కాలేజీ ఎదురుగా ఉన్న జిరాక్స్ సెంటర్: ఒక చరిత్ర లెక్చరర్ రివ్యూ

హనుమకొండలో మా డిగ్రీ కాలేజీ గేటు దాటి, రోడ్డుకి అవతల, ఒక రెండంతస్తుల బిల్డింగు మెట్ల కింద ఉన్న జిరాక్స్ సెంటర్ గురించి ఇది. హాల్‌టికెట్ ప్రింట్ కోసమో, మెమోల కాపీల కోసమో వెళ్లేవాళ్లకి ఈ రివ్యూతో పెద్దగా పని లేదు. ఆ పని ఏ షాపులోనైనా అయిపోతుంది. నేను బీఏ పిల్లలకి చరిత్ర చెబుతాను. హెచ్ఈపీ (హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్), హెచ్‌పీపీ (హిస్టరీ, పొలిటికల్ సైన్స్, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్) గ్రూపులు, తెలుగు మీడియం, ఇంగ్లీష్ మీడియం రెండూ. సెమిస్టర్ నడుస్తున్నన్నాళ్లూ క్వశ్చన్ పేపర్లనీ, హ్యాండౌట్లనీ, మ్యాపులనీ, కోర్స్ ఫైళ్లనీ ఏదో ఒకటి చేతిలో పట్టుకుని ఈ మెట్ల కింద నిలబడాల్సిందే.

ముందే చెప్పేస్తున్నా. రేట్లు చవక కాదు. రష్ మామూలుగా ఉండదు. బైండింగ్ అంతంతమాత్రం. అయినా నేను ఇంకో షాపుకి పోను. కారణం ఒక్కటే: అక్కడ డీటీపీ చేసే అమ్మాయి తాను కొట్టేది చదువుతుంది. చరిత్ర చెప్పేవాళ్లకి ఇది ఎంత పెద్ద విషయమో తప్పుడు సంవత్సరంతో పేపర్ అచ్చయినప్పుడు తెలుస్తుంది.

సెమిస్టర్ సంగతి కొంచెం చెప్పకపోతే నా గోల అర్థం కాదు. తెలంగాణలో డిగ్రీకి 2016-17 నుంచి సీబీసీఎస్, అంటే సెమిస్టర్లు, క్రెడిట్ల పద్ధతి వచ్చింది. అంతకు ముందు ఏడాదికోసారి పరీక్ష, ఏడాదంతా ఒకే పేపర్. పాఠం మెల్లగా చెప్పుకోవచ్చు, దసరా తర్వాత ఊపందుకోవచ్చు. ఇప్పుడు నాలుగు నెలల్లో ఒక పేపర్ మొదలై, అయిపోయి, పరీక్ష కూడా జరిగిపోవాలి. ఫస్టియర్ పిల్లలేమో దోస్త్‌లో, అంటే డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లలో, విడతలు విడతలుగా వస్తారు. మొదటి విడతవాళ్లకి మొదటి యూనిట్ సగం చెప్పేసరికి రెండో విడతవాళ్లు "మేడమ్, మాకు నోట్స్?" అంటూ గుమ్మంలో నిలబడతారు. ఆ తర్వాత బతుకమ్మ, దసరా సెలవులు. మధ్యలో ఏదో పోటీ పరీక్షకి మా కాలేజీ సెంటర్ పడుతుంది, ఒక శనివారం పోతుంది. కాలేజీలకి గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్లు వస్తున్నారంటే ఇక చెప్పక్కర్లేదు, టీచింగ్ డైరీ, లెసన్ ప్లాన్, కోర్స్ అవుట్‌కమ్స్ పట్టికలు. పాఠం చెప్పడం కంటే పాఠం చెప్పామని రాసుకోవడానికే ఎక్కువ టైం పడుతోందని స్టాఫ్‌రూమ్‌లో అందరం అనుకునే మాటే. ఇంత హడావుడిలో నాలుగు కాగితాల పని ఒక్కసారికే సరిగ్గా అయిపోతే అదే పదివేలు.

ఇంటర్నల్ పేపర్ టైపింగ్‌తో మొదలుపెడతాను. రెండు మీడియాలకీ ఒకే పేపర్ కాబట్టి ప్రతి ప్రశ్నా పైన ఇంగ్లీష్‌లో, కింద తెలుగులో ఉండాలి. ఇంగ్లీష్ నేనే ఇంట్లో కొట్టుకుంటాను. తెలుగే తలనొప్పి. ఫోన్‌కి చెప్పి టైప్ చేయిద్దామంటే "నాయంకర వ్యవస్థ" కాస్తా "నాయనకి రా వ్యవస్థ" అవుతుంది. చేత్తో రాసి ఇవ్వడమే నయం.

మన ఊళ్లలో చాలా డీటీపీ సెంటర్లలాగే ఇక్కడ కూడా పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, "అను" అనే పాత తెలుగు ఫాంట్లు. ప్రింట్ చూడముచ్చటగా ఉంటుంది. ఒత్తులు కుదురుగా కూర్చుంటాయి, లైన్ల మధ్య ఎడం బాగుంటుంది. చిక్కెక్కడంటే, ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి కాలేజీ కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు మాయం. ఇంగ్లీష్ అక్షరాలు, వాటి నెత్తిన కొమ్ములు, టోపీలు. ఆ పాత ఫాంట్లలో తెలుగు అక్షరానికి తనదంటూ ఒక నంబర్ ఉండదు. ఇంగ్లీష్ అక్షరాలూ గుర్తులూ ఉండాల్సిన చోట తెలుగు బొమ్మలు పెట్టి నడిపిస్తారు. ఫాంట్ లేని కంప్యూటర్‌లో అసలు గుర్తులు బయటపడతాయి. మా పరీక్షల విభాగం సాఫ్ట్ కాపీ అడిగిన ప్రతిసారీ డిపార్ట్‌మెంట్లన్నీ ఒకే కంప్యూటర్ ముందు గుమిగూడి ఆ కొమ్ములు లెక్కపెట్టుకునేవాళ్లం.

ఈ అమ్మాయి కూర్చోగానే అడిగే మొదటి ప్రశ్న: "అనుల కొట్టాల్నా మేడమ్, యూనికోడ్‌లనా?" ప్రింట్ మాత్రమే కావాలంటే అను. సాఫ్ట్ కాపీ కూడా ఇవ్వాలంటే యూనికోడ్‌లో, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ తనదంటూ నంబర్ ఉండే పద్ధతిలో, కొట్టి మండలి ఫాంట్ పెడుతుంది. మండలి, రామభద్ర, గిడుగు లాంటివన్నీ ఉచితంగా దొరికే ఫాంట్లే. కాలేజీ కంప్యూటర్‌లో కూడా వేయించుకోండని పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి ఇచ్చింది. దానికి డబ్బులు తీసుకోలేదు. పెద్ద పెద్ద షాపుల్లో ఈ ప్రశ్న అడిగే మనిషి నాకు తగల్లేదు. చౌరస్తా దగ్గర ఏసీ పెట్టిన ఒక కలర్ ప్రింట్ల షాపుకి వెళ్లి చూశాను. అక్కడ ఫ్లెక్సీలు, పెళ్లికార్డులు బ్రహ్మాండంగా చేస్తారు కానీ, రెండు భాషల క్వశ్చన్ పేపర్ అనగానే "తెలుగు మీరే కొట్టుకుని తీసుకురండి" అన్నారు.

పేపర్ గుట్టు విషయంలో కూడా వీళ్లు నయం. నేను పక్కన స్టూల్ వేసుకుని కూర్చుంటే మానిటర్ గోడవైపు తిప్పుతుంది. వెనక ఎవరైనా నిలబడితే "జర ఆగుర్రి" అని బయటికి పంపుతుంది. ప్రింట్ అయ్యాక నా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, తన దగ్గరి ఫైలు నా ముందే తీసేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేస్తుంది. ఇవన్నీ చేయమని ఎవరూ చెప్పలేదు. అయితే పేపర్‌ని వాట్సాప్‌లో మాత్రం పంపకండి. షాపు వాట్సాప్ పొద్దున్నుంచి రాత్రిదాకా కౌంటర్ మీది కంప్యూటర్‌లో తెరిచే ఉంటుంది. ఎవరి ఆధార్ కార్డు, ఎవరి బ్యాంకు పాస్‌బుక్ అన్నది అక్కడ నిలబడ్డ ప్రతివాడికీ కనిపిస్తూనే ఉంటుంది. ఈ విషయం ఓనర్‌కి చెప్పాను. "అందరు అట్లనే పంపుతరు మేడమ్" అన్నాడు. అది జవాబు కాదు. ఇక్కడ మార్కులు తగ్గించాల్సిందే.

ఇక చదువుతుందన్నాను కదా. రుద్రమదేవి మీద ఒక రెండు పేజీల హ్యాండౌట్ ఇచ్చాను. చందుపట్ల శాసనం గురించి అందులో ఒక పేరా ఉంది. నకిరేకల్ దగ్గర ఉన్న ఊరు అది. 1289 నవంబరులో పువ్వుల ముమ్మడి అనే భటుడు వేయించిన శాసనం. రుద్రమదేవికీ, సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోక ప్రాప్తి కలగాలని ఆ ఊరి సోమనాథ దేవుడికి భూమి ఇచ్చాడు. అంటే అప్పటికే ఆమె చనిపోయింది. ఆ శాసనం దొరకక ముందు ఆమె పాలన 1295 దాకా సాగిందని రాసేవాళ్లు. బజార్లో దొరికే గైడ్లు చాలావాటిలో ఇప్పటికీ అదే ఉంటుంది. ఒకటి చూసి ఒకటి కొట్టుకుంటూ వస్తారు కాబట్టి.

ఈ అమ్మాయి నా హ్యాండౌట్ కొడుతూ ఆగింది. "మేడమ్, మీరు 1289 రాసిన్రు. పొద్దుగాల ఒక పిలగాడు నోట్స్ కొట్టిచ్చుకున్నడు, దాంట్ల 1295 ఉన్నది. ఏది రైట్?"

అడిగింది డిగ్రీ చదివిన మనిషి కాదు. ఇంటర్ అయ్యాక టైపింగ్ నేర్చుకుని పనిలో చేరింది. శాసనం గురించి చెబితే విని, "గట్లయితే ఆ పిలగానికి ఫోన్ చేస్త, ప్రింట్ ఇంక తీస్కపోలేదు" అంది. చేసింది కూడా. ఆ పిల్లవాడు మా క్లాసు వాడే. మరుసటి రోజు క్లాసులో రుద్రమ ఎప్పుడు చనిపోయిందని అడిగితే అందరికంటే ముందు లేచాడు. నా పాఠం వినే లేచాడనుకుని వెనక బెంచీల వాళ్లు కూడా ఆశ్చర్యపోయారు.

జిరాక్స్ నాణ్యత గురించి చెప్పాలంటే శాసనాల దగ్గరికే వెళ్లాలి. చరిత్ర వాళ్లు ఇచ్చే కాగితాలు వేరే డిపార్ట్‌మెంట్ల కాగితాల్లా ఉండవు. నేను ప్రతి బ్యాచ్‌కీ మోటుపల్లి శాసనం చూపిస్తాను. బాపట్ల జిల్లా తీరంలో ఉన్న ఊరు, కాకతీయుల కాలంలో పెద్ద ఓడరేవు. గణపతిదేవుడు 1244-45లో అక్కడ వేయించిన అభయ శాసనం అది. తుఫానుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా అంతకు ముందు రాజులు గుంజుకునేవాళ్లట. ప్రాణం కంటే ధనమే తీపి అనుకుని సముద్రం మీద తిరిగే వ్యాపారుల మీద దయతో, తాము న్యాయమైన సుంకం తప్ప మిగతాదంతా వదిలేస్తున్నామని గణపతిదేవుడు చెప్పించాడు. ఆ సుంకం ముప్పయ్యో వంతు. ఆ తర్వాత చందనం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగు దంతం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, పోకచెక్కలు ఇలా సరుకు వారీగా లెక్క. పాఠ్యపుస్తకంలో "విదేశీ వాణిజ్యాన్ని ప్రోత్సహించాడు" అనే ఒక్క వాక్యం ఉంటుంది. ఈ జాబితా చేతిలో పెడితే ఆ వాక్యానికి ప్రాణం వస్తుంది. "ముప్పయ్యో వంతంటే ఎంత శాతం?" అని అడిగితే ఎకనామిక్స్ కూడా చదివే హెచ్ఈపీ పిల్లలు వెంటనే లెక్కకట్టి, "మూడు పాయింట్ మూడే మేడమ్, జీఎస్టీ కంటే నయమే" అన్నారు.

ఆ శాసనం తాలూకు బొమ్మ శాసనాలు అచ్చువేసే ఎపిగ్రాఫియా ఇండికా సంపుటాల నుంచి తీసుకుంటాం. అది ఫొటో కాదు, ఎస్టాంపేజీ. రాతిని శుభ్రంగా కడిగి, తడిపిన కాగితం దానికి అంటించి, కుచ్చు బ్రష్‌తో దంచుతారు. కాగితం అక్షరాల గుంతల్లోకి దిగుతుంది. తడి ఆరీ ఆరకముందే పైన సిరా అద్దుతారు. గుంతల్లోకి సిరా చేరదు కాబట్టి అక్షరాలు తెల్లగా, మిగతా రాయంతా నల్లగా వస్తుంది. చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది. జిరాక్స్ మిషన్‌కి మాత్రం శత్రువు. మొదటిసారి ఇచ్చినప్పుడు ఓనర్ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "గిదంతా నలుపే ఉన్నది గద మేడమ్, టోనర్ మొత్తం గిదే తాగుతది" అన్నాడు. అరవై కాపీలు అనేసరికి మొహం ఇంకా నల్లబడింది. తీస్తే ఏమైంది? నలుపు మధ్యలో తెల్ల అక్షరాలు అలికేసినట్టు వచ్చాయి, కాగితం వేడికి వంకర తిరిగింది, ముట్టుకుంటే వేలికి మసి.

అక్కడ వదిలేయలేదు, అందుకే ఈ షాపు గురించి ఇంత రాస్తున్నాను. ఆయన దాన్ని స్కాన్ చేసి, కంప్యూటర్‌లో రంగులు తిరగేశాడు. నలుపు తెలుపైంది, తెలుపు నలుపైంది. ఆ తర్వాత కాంట్రాస్ట్ కొంచెం పెంచి, రాతి మీది గరుకు వల్ల వచ్చిన చుక్కలు కొన్ని తుడిచేశాడు. ఇప్పుడు తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలు, అచ్చం ఎవరో పుల్లతో రాసినట్టు. టోనర్ మిగిలింది, మామూలు రేటే తీసుకున్నాడు. క్లాసులో పంచితే పిల్లలు పెన్నులు తీసి తమకి తెలిసిన అక్షరాల చుట్టూ గుండ్రాలు చుట్టడం మొదలుపెట్టారు. "ఇది గ", "ఇది న", "మేడమ్ ఇది కన్నడం లెక్క ఉన్నది". పదమూడో శతాబ్దంలో తెలుగు, కన్నడ లిపులు ఇంకా పూర్తిగా విడిపోలేదని నేను బోర్డు మీద రాయాల్సిన పని లేకుండా పోయింది. నలుపు ఎస్టాంపేజీ మీద పెన్నుతో గుండ్రం చుడితే కనపడదు కదా. పీడీఎఫ్ గ్రూపులో పెట్టేస్తే సరిపోదా అనేవాళ్లకి కూడా ఇదే చెబుతాను. ఫోన్‌లో ఆ అక్షరాల మీద వేలు పెడితే స్క్రీన్ జరిగిపోతుంది.

ఒక్క జాగ్రత్త. తిరగేయించేటప్పుడు అసలు నలుపు కాపీ ఒకటైనా ఉంచుకోండి. అసలు శాసనం నకలు ఎలా ఉంటుందో పిల్లలకి తెలియాలి. లేకపోతే రాతి మీద నల్లరంగుతో రాసేవాళ్లనుకుంటారు. ఆయన చుక్కలు తుడిచేటప్పుడు పక్కన కూర్చోవడం కూడా మంచిది. ఏది రాతి గరుకో, ఏది సున్నానో ఆయనకి తెలియదు.

మ్యాపులు. స్టేషనరీ కూడా అమ్ముతారు కాబట్టి అవుట్‌లైన్ మ్యాపులు ఇక్కడే కొనొచ్చు. ఇండియా అవుట్‌లైన్‌తో ఇబ్బంది లేదు. తెలంగాణ మ్యాపే ఒక చరిత్ర పాఠం. పది జిల్లాల మ్యాపు, 2016 అక్టోబరులో వచ్చిన 31 జిల్లాల మ్యాపు, ములుగు, నారాయణపేట కలిశాక 2019లో వచ్చిన 33 జిల్లాల మ్యాపు, మూడూ ఒకే కట్టలో కలిసి ఉంటాయి. 33 ఉన్నదానిలో కూడా కొన్నింట్లో మన జిల్లా పేరు ఇంకా వరంగల్ అర్బన్ అనే ఉంటుంది. అది హనుమకొండగా మారి 2021 నుంచి ఎన్నేళ్లవుతోంది! అడిగితే "పాత స్టాక్ మేడమ్" అంటాడు. కట్ట విప్పి చూసి ఏరుకోవాలి. నా వరకు నేను జిల్లాల గీతలే లేని మ్యాపు ఒకటి స్కాన్ చేయించి, దాన్నే కాపీలు తీయిస్తున్నాను. నదులు మాత్రం ఉంచాను. ఓరుగల్లు, పాలంపేట, మోటుపల్లి, త్రిపురాంతకం, ద్రాక్షారామం గుర్తించమంటే జిల్లాల గీతలు దేనికి? గోదావరి, కృష్ణ కనిపిస్తే చాలు. ఏ-త్రీ సైజులో ఒకటి కలర్‌లో తీయించి లామినేషన్ చేయించాను. మెరుపు ఎక్కువై ట్యూబ్‌లైట్ వెలుతురులో వెనకవాళ్లకి కనిపించట్లేదు. మ్యాట్ షీట్ వీళ్ల దగ్గర లేదు.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే విషయం. డిగ్రీ కాలేజీల్లో స్టూడెంట్ స్టడీ ప్రాజెక్టులుంటాయి. మా దగ్గర జిజ్ఞాస పేరుతో పోటీలు కూడా పెడతారు. పిల్లలు ఊళ్లు తిరిగి, గుడులు చూసి, పెద్దవాళ్లని అడిగి రాయాలి. కొందరు నిజంగానే తిరుగుతారు. కొందరు ఈ మెట్ల కిందికి వస్తారు. ఇక్కడ పాత బ్యాచ్‌ల ప్రాజెక్టులన్నీ కంప్యూటర్‌లో ఉన్నాయి. కవర్ పేజీ మీద పేరు, హాల్‌టికెట్ నంబర్ మార్చి, స్పైరల్ కొట్టి ఇస్తారు. టైపింగ్ డబ్బుల్లో సగం తీసుకుంటారు. ఇది డీటీపీ అమ్మాయి పని కాదు, సాయంత్రం కౌంటర్ మీద కూర్చునే కుర్రాడి వ్యాపారం.

దొరికిపోయింది కూడా చదవనందువల్లే. రామప్ప మీద రెండు ప్రాజెక్టులు వచ్చాయి. ఇద్దరూ వేరు వేరు ఊళ్ల పిల్లలు. రెండింటిలోనూ గుడి కట్టించింది "రేచర్ల రుద్రమదేవి" అని ఉంది. కట్టించింది గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు, 1213లో. రుద్రమదేవి పాలన 1262 నుంచి. ఎవరో మహానుభావుడు ఎప్పుడో కొట్టిన తప్పు పేరు, బ్యాచ్ నుంచి బ్యాచ్‌కి దిగుతూ వస్తోంది. యునెస్కో గుర్తింపు 2021లో వచ్చిందన్న వాక్యం మాత్రం కొత్తగా చివర చేర్చారు, వేరే ఫాంట్ సైజులో. నేను ఇద్దరినీ రామప్పకి పంపాను. వెళ్లి గుడి ఆవరణలో ఉన్న శాసనం ముందు నిలబడి ఫొటో దిగి, పేరు సరిగ్గా రాసుకుని రమ్మన్నాను. వచ్చారు. ఒకమ్మాయి అయితే గుడి బయటి మదనికలన్నీ, అంటే స్త్రీల శిల్పాలన్నీ, ఒక్కొక్కటిగా ఫొటో తీసుకొచ్చి, ప్రాజెక్టు మొత్తం తిరగరాసింది. షాపు ఓనర్‌తో కూడా మాట్లాడాను. "పిల్లలే అడుగుతున్నరు మేడమ్, నేను ఇయ్యకుంటే పక్క షాపోడు ఇస్తడు" అన్నాడు. పక్క షాపువాడు ఇస్తాడన్నది నిజమే. అందుకే ఈ మధ్య ప్రాజెక్టులో కనీసం రెండు పేజీలు చేత్తో రాయాలని, ఆ స్థలంలో తాము దిగిన ఫొటో అతికించాలని పెట్టాను. షాపు మీద ఆధారపడి నీతి నిలబెట్టలేం కదా.

అదే ఓనర్ పుస్తకం మొత్తం జిరాక్స్ తీయమంటే మాత్రం తీయడు. గోడకి చిన్న అట్ట రాసి పెట్టాడు. ఎక్కడో విన్న భయం. ఢిల్లీలో కేసైందని ఎవరో చెప్పారట. కేసు నిజమే, కానీ తీర్పు ఆయన విన్నదానికి దాదాపు తలకిందులు. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఉన్న రామేశ్వరి ఫొటోకాపీ సర్వీస్ మీద, ఢిల్లీ యూనివర్సిటీ మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్‌లు, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ 2012లో దావా వేశాయి. సిలబస్ ప్రకారం వేరు వేరు పుస్తకాల అధ్యాయాలు కలిపి కోర్స్ ప్యాక్‌లుగా అమ్ముతున్నారన్నది వాళ్ల ఫిర్యాదు. ఢిల్లీ హైకోర్టు 2016 సెప్టెంబరు 16న దావా కొట్టేసింది. కాపీరైట్ చట్టంలో బోధనలో భాగంగా ఉపాధ్యాయుడో విద్యార్థో చేసుకునే కాపీలకి మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు కింద కోర్స్ ప్యాక్ వస్తుందని చెప్పింది. డిసెంబరులో డివిజన్ బెంచ్ కూడా ఆ సూత్రాన్ని సమర్థించింది. బోధన అంటే క్లాస్‌రూమ్‌లో లెక్చరర్ మాట్లాడే ముప్పావు గంటే కాదు, సెమిస్టర్ మొత్తమూ అంది. కాకపోతే ఆ ప్యాక్‌లో పెట్టినవన్నీ బోధనకి నిజంగా అవసరమా అన్నది తేల్చమని కేసు వెనక్కి పంపింది. 2017లో ఆ ప్రచురణకర్తలు దావా వెనక్కి తీసుకున్నారు.

ఇదంతా ఆయనకి చెప్పాక నా కోర్స్ ప్యాక్‌లు ధైర్యంగా తీస్తున్నాడు. ప్రతి దానిలోనూ సిలబస్ పేజీ ముందు పెట్టిస్తాను, ఏ అధ్యాయం ఏ యూనిట్‌కో పక్కన రాయిస్తాను. మొత్తం పుస్తకాలు తీయనన్న అట్ట మాత్రం అలాగే ఉంచమన్నాను. పోటీ పరీక్షల పుస్తకాలన్నీ ఈ వంకతో జిరాక్స్ అయితే తెలుగులో చరిత్ర పుస్తకం వేసే ప్రచురణకర్త ఒక్కడూ మిగలడు. ఇప్పటికే వెయ్యి కాపీలు వేయడానికి భయపడుతున్నారు.

బైండింగ్ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. స్పైరల్ పర్వాలేదు. సాఫ్ట్ బైండింగ్ గమ్ము ఎండాకాలం వచ్చేసరికి వదిలేస్తుంది. న్యాక్ ఫైళ్లకి అసలు వద్దు, బాక్స్ ఫైలు కొనుక్కోండి. బిల్లు అడిగితే రబ్బర్ స్టాంపు వేసి చేతిరాత బిల్లు ఇస్తాడు. మా ఆఫీసులో దాన్ని ఒప్పుకున్నారు, మీ ఆఫీసులో కనుక్కోండి.

రేట్లు నేను ఈ సెమిస్టర్‌లో కట్టినవి: బ్లాక్ అండ్ వైట్ ఒక వైపు రెండు రూపాయలు, రెండు వైపులా మూడు. వంద దాటితే బేరం ఆడొచ్చు. తెలుగు టైపింగ్ పేజీకి యాభై, రెండు భాషల పేపర్ అయితే డెబ్బై. కలర్ ప్రింట్ పది. స్పైరల్ నలభై. చౌరస్తా షాపుల్లో జిరాక్స్ రూపాయికే తీస్తారు. ఆటో చార్జీ మీరే చూసుకోండి. ఫోన్‌పే ఉంది, లెక్చరర్లకి ఖాతా పుస్తకం కూడా ఉంది కానీ నెలాఖరుకి తప్పకుండా కట్టేయాలి. అందరి ముందే పేరు చదువుతాడు.

కరెంట్ పోతే ఇన్వర్టర్ మీద కంప్యూటర్ నడుస్తుంది, జిరాక్స్ మిషన్ నడవదు. అంటే టైపింగ్ అవుతుంది, కాపీలు రావు. పరీక్ష రోజు పొద్దున కాపీలు పెట్టుకుంటే బీపీ పెరుగుతుంది. ముందు రోజే తీసుకెళ్లి బీరువాలో పెట్టుకోవడం మంచిది.

మొత్తం మీద ఐదుకి నాలుగు ఇస్తాను. అందులో రెండు పూర్తిగా ఆ డీటీపీ అమ్మాయివి. పాత ప్రాజెక్టులు అమ్మడం ఆపితే మిగిలినది కూడా ఇస్తాను, వాట్సాప్ తెర లోపలివైపు తిప్పితే.

వెళ్లాలనుకుంటే పొద్దున పదిలోపు, లేదా మధ్యాహ్నం రెండున్నర తర్వాత వెళ్లండి. పన్నెండు నుంచి రెండు దాకా స్కాలర్‌షిప్ ఫారాల పిల్లలతో మెట్లు కూడా కనపడవు. టైపింగ్ అమ్మాయి ఆరింటికి వెళ్లిపోతుంది, ఆ తర్వాత ఇచ్చిన తెలుగు పని కుర్రాడి చేతిలో పడుతుంది కాబట్టి వద్దు. ఇంటర్నల్స్ వారమైతే పేపర్ శనివారమే ఇచ్చేయండి. సోమవారం పొద్దునే వెళ్తే ఆ స్టూల్ మీద నేనుంటాను.